పులికీ దాపల, వలపల

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికకు ఏదైనా శాస్త్ర విషయం రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు నేను పులి మీద రాస్తానన్నాను. భౌతికశాస్త్రం చదివేవాడికి పులితో ఏం పని అని నవ్వారు. పని ఉంది. మాది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కాగజ్‌నగర్ అడవుల అంచున ఉన్న పల్లె. ఐదెకరాల పత్తిచేను, ఒక జత ఎద్దులు, ఇదీ మా ఆస్తి. 2024 డిసెంబరులో ఆ జతలో వలపటెద్దును పులి కొట్టింది. నాలుగు నెలల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, మహారాష్ట్రలోని తాడోబా అడవిలో నేనొక పులిని ఫోటో తీశాను. ఈ రెండు సంఘటనల నడుమ నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

పట్నం మిత్రుల కోసం ముందుగా ఒక మాట. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటెద్దు అంటాం, కుడివైపు కట్టేదాన్ని వలపటెద్దు అంటాం. దాపల అలవాటైన ఎద్దును వలపల కడితే సాలు వంకర పోతుంది. రెండూ ఎద్దులే కదా అంటే కుదరదు. ఈ రెండు మాటలు జ్ఞాపకం పెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

ఎద్దు పోయిన రోజు

ఆ నవంబరు చివరనే మా కాగజ్‌నగర్ మండలంలో పత్తిచేనులో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 నవంబరులో, మా జిల్లాలోనే ఇద్దరు పులి బారిన పడి చనిపోయారు. నవంబరు, డిసెంబరు అంటే మాకు పత్తి ఏరే కాలం. పత్తి ఏరేవాళ్లు వంగి ఉంటారు. వంగి ఉన్న మనిషి పులి కంటికి నాలుగుకాళ్ల జంతువులా కనిపిస్తాడేమోనని పెద్దలంటారు. పులి సాధారణంగా వెనకనుంచి వస్తుంది గనుక తల వెనక మనిషి ముఖం మాస్కు పెట్టుకోమని పంచారు. మా అవ్వ కూడా ఒకటి పెట్టుకొని చేనుకు పోయింది. వెనకనుంచి చూస్తే నన్నే చూస్తున్నట్టుండేది. నవ్వొచ్చేది, ఆ వెంటనే భయం వేసేది.

మా ఎద్దు వాగు ఒడ్డున దొరికింది. అటవీ సిబ్బంది వచ్చి పంచనామా రాసుకున్నారు. చచ్చిన ఎద్దుకు అటూ ఇటూ రెండు చెట్లకు రెండు కెమెరాలు కట్టారు. పులి తన వేట దగ్గరికి మళ్లీ వస్తుంది, ఆ రాత్రీ వచ్చింది. కానీ రెండు కెమెరాల్లో ఒకదాని బ్యాటరీ పోయింది. రెండోది మాత్రం పనిచేసింది. తలవంచి మేస్తున్నట్టు ఒక పులి, భుజం నుంచి తొడదాకా ఒక పక్క. అంతే. ఊరివాళ్లకు చూపించినప్పుడు ఆ ఫోటోను మా తమ్ముడు తన సెల్‌ఫోన్‌లో దింపుకున్నాడు. పరిహారం డబ్బు తర్వాత వచ్చింది. ఆ సంగతి కాదు నేను చెప్పబోయేది.

ఊళ్లో ఆ వారమంతా ఒకటే మాట: పులులు ఎన్ని? ఒకరు రెండన్నారు, ఒకరు పిల్లలతో కలిపి నాలుగన్నారు. ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. చంద్రపూర్ అడవుల్లో పెరిగిన కుర్ర పులులు సొంత ఇలాకా వెతుక్కుంటూ నదులు దాటి మా వైపు వస్తుంటాయి. అలా వచ్చిన పులి అయితే నాలుగు రోజులు తిరిగి ముందుకు పోవచ్చు. పిల్లలున్న ఆడపులి అయితే నెలల తరబడి అక్కడే ఉంటుంది. మొదటిదైతే వారం ఆగి చేనుకు పోవచ్చు. రెండోదైతే ఆ ఏడు పత్తి మీద ఆశ వదులుకోవాలి. వచ్చింది ఏ పులి అన్నది తెలిస్తేగాని ఏం చేయాలో తెలియదు.

మా బాపు మాత్రం ఒక మాటన్నాడు. "సంతల నూరెడ్ల నడుమ నా ఎద్దును నేను గుర్తుపడ్త. కొమ్ము చూసి, సుడి చూసి. మరి పులిని గుర్తుపట్టెటోడు ఎవ్వడు లేడా?"

ఆ ప్రశ్నతోనే నేను కాలేజీకి తిరిగొచ్చాను. జంతుశాస్త్రం సార్‌ను అడిగితే, "ఉన్నారు. కొమ్ములకు బదులు చారలు చూస్తారు. వేసవిలో తాడోబా పోదాం, నువ్వే తీసి చూడు" అన్నారు.

తాడోబా

మేం ఐదుగురు విద్యార్థులం, సార్ ఒకరు. ఆరుగురం కలిస్తే ఒక జిప్సీ బండి ఖర్చు పంచుకోవచ్చు. కాగజ్‌నగర్‌లో రైలెక్కి బల్హార్షా మీదుగా చంద్రపూర్ చేరి, అక్కణ్ణుంచి మొహర్లీ గేటుకు పోయాం. తాడోబా 1955లో జాతీయ వనమైంది. మహారాష్ట్రలో అదే మొట్టమొదటిది. పక్కనున్న అంధారీ అభయారణ్యంతో కలిపి 1995లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. టేకు, వెదురు అడవి. మా కాగజ్‌నగర్ అడవే ఇంకాస్త దూరం పాకిపోయినట్టుంటుంది.

ఆ పేరు వెనక ఒక కథ చెబుతారు. తారు అనే గోండు పెద్ద పులితో పోరాడి చనిపోయాడట. అతణ్ణే దేవుడిగా కొలుస్తున్నారు, చెరువు ఒడ్డున అతని గుడి ఉంది. పులి చేతిలో పోయిన మనిషి పేరే ఆ అడవి పేరైంది. ఇది విన్నప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది.

కెమెరా నాది కాదు. మా ఊరి దగ్గర పెళ్లిళ్లకు ఫోటోలు తీసే అన్న దగ్గర అరువు తెచ్చుకున్నాను, దాంతోపాటు 300 మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సు. "తమ్మీ, ఫ్లాష్ మాత్రం ఎయ్యకు, పులి పెండ్లికొడుకు కాదు" అని చెప్పి ఇచ్చాడు. లెన్సు అదరకుండా ఆనించుకోవడానికి అవ్వ ఒక గుడ్డసంచి కుట్టింది. అందులో కిలో కందులు పోసుకున్నాను. బండి కడ్డీ మీద సంచి, సంచి మీద లెన్సు. పట్నంలో ఇలాంటి సంచుల్ని కొనుక్కుంటారట, మాకు కందులు ఇంట్లోనే ఉన్నాయి.

వెలుతురు లెక్క

పులి ఫోటోలో మొదటి చిక్కు పులి కాదు, వెలుతురు. పులి తిరిగేది తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు. మధ్యాహ్నం ఎండకు నీళ్లలోనో నీడలోనో పడుకుంటుంది. అంటే అది నడిచే వేళకు వెలుతురుండదు, వెలుతురున్న వేళకు అది నడవదు.

కెమెరాలోకి వచ్చే వెలుతురును మూడు చేతులు పట్టుకొని ఉంటాయి. లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంది, షట్టరు ఎంతసేపు తెరుచుకుంది, లోపలి సెన్సారు ఎంత చురుగ్గా ఉంది. మూడోదాన్నే ఐఎస్ఓ అంటారు. కాలవ నీళ్లతో పోల్చుకోండి. తూము వెడల్పు, తూము తెరిచి ఉంచిన సమయం, నేలకున్న దాహం. ఒకటి సగం తగ్గిస్తే ఇంకోటి రెట్టింపు చేయాలి. లేకపోతే మడి ఎండుతుంది.

ఇప్పుడు షట్టరు సంగతి లెక్కగట్టి చూద్దాం. మన ప్రయోగశాలలో చేసే కుంభాకార కటకం లెక్కే ఇది. పులి 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. లెన్సు 300 మిల్లీమీటర్లు, అంటే 0.3 మీటరు. దూరం నాభ్యంతరం కన్నా చాలా ఎక్కువ కాబట్టి ఆవర్ధనం సుమారు 0.3 భాగించు 30, అంటే నూరో వంతు. తల నుంచి తోక మొదలు దాకా 1.8 మీటర్లున్న పులి సెన్సారు మీద 18 మిల్లీమీటర్లుగా పడుతుంది. సెన్సారు వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. చక్కగా సరిపోయింది. అదే పులి పది మీటర్లకు వస్తే 54 మిల్లీమీటర్లవుతుంది, ఫోటోలో పట్టదు. దగ్గరికి పొమ్మని డ్రైవరును తొందరపెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అటవీ జంతువులకు కనీసం ఇరవై మీటర్ల దూరంలో ఉండాలని 2012 నాటి పర్యాటక నియమాలు చెబుతున్నాయి. మర్యాదా అదే, ఆవర్ధనమూ అదే చెబుతోంది.

పులి అడ్డంగా నడుస్తోంది, సెకనుకు ఒక మీటరు అనుకుందాం. సెన్సారు మీద దాని ప్రతిబింబం సెకనుకు పది మిల్లీమీటర్లు జరుగుతుంది. షట్టరు సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ లోపల ప్రతిబింబం 0.17 మిల్లీమీటరు జరిగిపోతుంది. పులి చార వెడల్పు మూడు సెంటీమీటర్లనుకుంటే, సెన్సారు మీద అది 0.3 మిల్లీమీటరు. అంటే చారలో సగానికి పైగా అలుక్కుపోయింది. పేడతో వాకిలి అలికినట్టుంటుంది తప్ప చారలుండవు. అదే సెకనులో 500వ వంతు పెడితే జరిగేది 0.02 మిల్లీమీటరు, చారలో పదిహేనో వంతు. ఇది పనికొస్తుంది.

అయితే 60వ వంతు నుంచి 500వ వంతుకు పోవడమంటే వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించడమే. ఆ లోటు ఎక్కడో పూడ్చాలి. నా లెన్సు రంధ్రం అప్పటికే పూర్తిగా తెరిచి ఉంది. మిగిలింది ఐఎస్ఓ. 800 ఉన్నదాన్ని రెట్టింపు, రెట్టింపు, రెట్టింపు చేసి 6400కు పెంచాలి. ఫోటో మీద నలకలు చల్లినట్టవుతుంది. అందం పోతుంది, చార నిలుస్తుంది. అందమా, చారా అని తేల్చుకోవలసింది అక్కడే.

పులి కన్నా ముందు దాని కబురు

మొదటి రెండు సఫారీల్లో పులి కనపడలేదు. గేటు దగ్గర సెల్‌ఫోన్లు తీసిపెట్టుకున్నారు గనుక అది ఎక్కడుందో ఎవరూ ఎవరికీ చెప్పలేరు. అడవే చెప్పాలి. మా గైడు ఆ ప్రాంతపు మనిషి, యాభై ఏళ్లుంటాయి. కళ్లకన్నా చెవులతో ఎక్కువ చూస్తాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కొండముచ్చు చెట్టు మీద కూర్చుంటుంది కనుక దూరం నుంచే చూస్తుంది, దగ్గినట్టు గట్టిగా అరుస్తుంది. చుక్కల దుప్పి తోక నిలబెట్టి, ముందుకాలు నేలకేసి కొట్టి, సన్నగా కూత పెడుతుంది. ఇవి రెండూ చిరుతకూ అరుస్తాయి, ఒక్కోసారి ఊరికే బెదిరీ అరుస్తాయి. కణితి అలా కాదు. అది బరువైన జంతువు, తొందరపడి అరవదు. పగిలిన కంచు మీద కొట్టినట్టు ఒక్క అరుపు అరిచి, చాలాసేపు ఆగి, మళ్లీ అరుస్తుంది. "కణితి అబద్ధమాడదు" అన్నాడు గైడు. కణితి ఏ వైపు చూస్తూ అరుస్తోందో పులి ఆ వైపున ఉన్నట్టు.

ఇంకొక చోద్యం. మనకంత కొట్టొచ్చినట్టు కనిపించే పులి నారింజ రంగు దుప్పికి కనపడదు. దుప్పి, కణితి లాంటి జంతువుల కళ్లలో ఎరుపును వేరుచేసి చూసే కణాలుండవు. నారింజ రంగు వాటికి ఆకుపచ్చలో కలిసిపోతుంది. అందుకే అవి రంగు చూసి కాదు, కదలిక చూసి, వాసన పట్టి అరుస్తాయి. పులి గడ్డిలో కదలకుండా ఉంటే దుప్పికి అది గడ్డే.

ఆ పదకొండు ఫోటోలు

మూడో సఫారీ తెల్లవారుజామున. మొహర్లీ నుంచి పోయి, తేలియా చెరువుకు ఇంకా చేరలేదు. కొండముచ్చు దగ్గింది. గైడు చెయ్యెత్తాడు, డ్రైవరు ఇంజను ఆపాడు. ఇంజను ఆపడమే సగం పని. నడిచే ఇంజను వణుకు లెన్సుకు పాకుతుంది. తర్వాత కణితి. ఒకసారి. మేం ఊపిరి బిగబట్టాం. రెండోసారి.

వెదురు పొదల్లోంచి కుడివైపున పులి దారి మీదికి వచ్చింది.

నేను ఇన్ని లెక్కలు చేసుకొని పోయినవాణ్ణి, అన్నీ మరిచిపోయాను. షట్టరు నిన్నటి చీకట్లో పెట్టిన 60వ వంతు మీదే ఉంది. పైగా లేచి నిలబడ్డాను, బండి ఊగింది. సార్ నా చొక్కా పట్టి కిందికి గుంజారు. మొదటి మూడు ఫోటోలు అప్పుడు తీసినవి. నారింజ రంగు మబ్బు తప్ప వాటిలో ఏమీ లేదు. కందుల సంచి గుర్తొచ్చింది. లెన్సును దానిమీద ఆనించి, షట్టరు 500వ వంతుకు, ఐఎస్ఓ 6400కు మార్చాను. పులి మమ్మల్ని చూడనైనా చూడలేదు. పొలం గట్టు మీద ఆసామి నడిచినట్టు తాపీగా దారికి అడ్డంగా కుడి నుంచి ఎడమకు నడిచి, ఒక్కసారి ఆగి, చెట్టు మీద పిచికారీ కొట్టినట్టు తన గుర్తు వేసుకొని, వెదుర్లో కలిసిపోయింది. అంతా అర నిమిషం ఉంటుందేమో.

పదకొండు ఫోటోల్లో మూడు పాడు. నాలుగింటిలో వెదురు అడ్డం. రెండింటిలో తల లేదు. మిగిలినవి రెండు. అందులో ఒకటి, దారి నట్టనడుమ, భుజం నుంచి తొడదాకా ప్రతి చారా లెక్కపెట్టుకోవచ్చు. నలకలున్నాయి. గోడకు తగిలించేంత అందంగా లేదు. కానీ సార్ దాన్ని చూసి, "ఇది పనికొచ్చే ఫోటో" అన్నారు.

గోడకా, లెక్కకా?

పులి ఫోటో అనగానే మనకు క్యాలెండర్లలో కనిపించే ముఖం గుర్తొస్తుంది. ఎదురుగా వచ్చే పులి ఫోటో గోడకు, పక్కగా పోయే పులి ఫోటో లెక్కకు. ఈ రెండో రకానికీ ఒక చరిత్ర ఉంది.

ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి అప్పటి సంయుక్త రాష్ట్రాల్లో పనిచేసేవాడు. తోటి అధికారులు పులుల్ని తుపాకితో కాలుస్తున్న రోజుల్లో ఆయన కెమెరా పట్టాడు. పులి నడిచే బాటలో సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే మందు భగ్గుమని వెలిగి ఫోటో పడేది. పులి తన ఫోటో తానే తీసుకున్నట్టు. ఆ ఫోటోలు 1925 అక్టోబరులో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో వచ్చాయి. 1927లో ఆయన పుస్తకం వెలువడింది. ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవని, చారల్ని బట్టి పులిని గుర్తుపట్టవచ్చని ఆ ఫోటోలే చూపాయి. తర్వాత 1960లలో కన్హా అడవిలో జార్జి షాలర్ ముఖం మీది గుర్తుల్ని బట్టి పులుల్ని వేరుచేసి చూశాడు.

అయినా మన దేశంలో చాలా ఏళ్లపాటు పులుల లెక్క అడుగుజాడల మీదనే నడిచింది. అడుగు అచ్చు తీసి, ఇది ఫలానా పులిది అనేవాళ్లు. కానీ బురదలో అడుగు ఒకలా పడుతుంది, దుమ్ములో ఇంకోలా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులుండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ దెబ్బతో లెక్క పద్ధతి మారింది.

మార్పుకు దారి అప్పటికే సిద్ధంగా ఉంది. కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990లలో కెమెరా బోనులు పెట్టి, చారలతో పులుల్ని గుర్తించి, గణితంతో లెక్కగట్టే పద్ధతిని 1995లో ప్రచురించాడు. దాని మూలసూత్రం నా కందుల సంచితో చెబుతాను. హాస్టల్ గదిలో నేను చేసి చూసిందే.

సంచిలోంచి 200 కందులు తీసి సున్నం పూసి ఆరబెట్టాను. తిరిగి సంచిలో పోసి బాగా కలిపాను. మళ్లీ చెయ్యి పెట్టి 200 తీశాను. అందులో సున్నం గింజలు నాలుగు. అంటే నేను తీసినవాటిలో యాభయ్యో వంతు సున్నంవి. కాబట్టి సంచి మొత్తంలోనూ యాభయ్యో వంతే సున్నంవి అయి ఉండాలి. సున్నం పూసినవి 200 గనుక మొత్తం 200 ఇంటూ 50, పదివేలు. నూరు గింజలు తూచి చూస్తే పది గ్రాములకు దగ్గరగా ఉన్నాయి, కిలోకు పదివేలు. లెక్క కుదిరింది.

కుదిరింది గాని, అది నా అదృష్టం. నాలుగుకు బదులు మూడు వచ్చి ఉంటే జవాబు 13,333. ఐదు వచ్చి ఉంటే 8,000. ఒక్క గింజ తేడాకు వేలల్లో తేడా. గుర్తున్న గింజలు ఎంత ఎక్కువ సార్లు చేతికి వస్తే జవాబు అంత నిలకడగా ఉంటుంది. పులికి సున్నం పూయనక్కర్లేదు, గుర్తు పుట్టుకతోనే ఉంది. మళ్లీ మళ్లీ కెమెరాకు చిక్కాలి, అంతే. అందుకే అన్ని కెమెరాలు. 2022 లెక్కలో దేశమంతటా 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. పడిన ఫోటోలు 4,70,81,881. వాటిలో పులివి 97,399. అంటే సుమారు 483 ఫోటోలకు ఒక్కటి పులిది. మిగతావన్నీ దుప్పులు, పందులు, పశువులు, మనుషులు. ఆ ఫోటోల నుంచి చారలు పోల్చి వేరుచేసిన పులులు 3,080. కెమెరాకు చిక్కనివాటిని కూడా గణితంతో అంచనా వేస్తే దేశంలో సగటున 3,682 పులులని తేలింది. 2006లో ఇదే పద్ధతికి దగ్గరి లెక్కలో వచ్చింది 1,411.

కెమెరా బోనులో మాయ ఏమీ లేదు. చెట్టుకు మోకాలి ఎత్తున కడతారు. లోపల వేడిని పసిగట్టే సెన్సారు ఉంటుంది. చుట్టూ ఉన్న గాలికన్నా వేడైన శరీరం ముందునుంచి కదిలితే షట్టరు కొట్టుకుంటుంది. ఛాంపియన్ కట్టిన తీగకు బదులు ఇప్పుడు కంటికి కనపడని వేడి. ప్రతిచోటా కెమెరాలు మాత్రం రెండు, బాటకు అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా. రెండెందుకు? నా కథ ఇక్కడే అడ్డం తిరిగింది.

దాపల, వలపల

చంద్రపూర్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు నేను సెల్‌ఫోన్‌లోని మా ఊరి పులి ఫోటోను, కెమెరాలోని తాడోబా పులి ఫోటోను పక్కపక్కన పెట్టాను. ఇన్నాళ్లూ నా మనసులో ఉన్నది అదే, ఎవరికీ చెప్పలేదు. మా ఎద్దును కొట్టింది ఈ అడవినుంచి వచ్చిన పులేనేమో. తిరిగి ఇక్కడికే వచ్చేసిందేమో. వచ్చేసి ఉంటే అవ్వ భయం లేకుండా చేనుకు పోవచ్చు. సంక్రాంతి తర్వాత మా వాగు దగ్గర అడుగు కనపడలేదని తమ్ముడు చెప్పాడు కూడా.

భుజం దగ్గరి చారలు చూశాను. ఊరి పులికి అక్కడ కంకిలా చీలిన చార ఒకటుంది. తాడోబా పులికి లేదు. నడుం దగ్గర చూశాను, అసలు పోలిక లేదు. "సార్, ఇది వేరే పులి" అన్నాను. గొంతులో నిరాశ దాగలేదు.

సార్ రెండు ఫోటోలూ చూసి నవ్వారు. "నీ పులి ఎటు నడిచింది?"

"కుడి నుంచి ఎడమకు సార్."

"అంటే నీకు కనిపించింది దాని ఏ పక్క?"

అప్పుడు వెలిగింది. మనకు ఎడమవైపుగా నడిచే జంతువు మనకు తన ఎడమ పక్కే చూపిస్తుంది. నేను తీసింది పులి దాపటి పక్క. మా ఊళ్లో పనిచేసిన ఒక్క కెమెరాకు దొరికింది వలపటి పక్క. పులికి ఒక పక్కనున్న చారలు ఇంకో పక్కన ఉండవు. అద్దంలో ప్రతిబింబంలా కూడా ఉండవు. రెండు పక్కలూ రెండు వేర్వేరు సంతకాలు. ఒక పక్కను ఇంకో పక్కతో పోల్చడమంటే మా దాపటెద్దు సుడిని వలపటెద్దు సుడితో పోల్చడమే. నా చేతిలో ఉన్న రెండు ఫోటోలు ఒకే పులివి కావచ్చు, కాకపోవచ్చు. ఆ రెండింటినీ పక్కన పెట్టుకొని ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. రెండు కెమెరాలు ఎదురెదురుగా ఎందుకు కడతారో ఆ బల్ల మీద కూర్చున్నాకే నాకు అర్థమైంది. ఆ రాత్రి వాగు ఒడ్డున పోయిన ఆ ఒక్క బ్యాటరీ విలువ ఎంతో కూడా.

"కాదని నువ్వు అప్పుడే చెప్పేశావు చూడు, అదీ ప్రమాదం" అన్నారు సార్. "ఔననడానికి ఎంత ఆధారం కావాలో కాదనడానికీ అంతే కావాలి." మూడేళ్ల డిగ్రీలో నేను చేసిన ప్రయోగాలన్నిటిలోనూ జవాబు ముందే తెలుసు. రికార్డు బుక్కులో ఎంత రావాలో చూసుకొని అంతే రాసేవాళ్లం. జవాబు తెలియని ప్రయోగం చేయడం నాకు అదే మొదలు.

తర్వాత మా ఊరి ఫోటోను అటవీ సిబ్బంది తమ దగ్గరున్న ఫోటోలతో పోల్చారని తెలిసింది. కలిసింది ఏదీ లేదట. అంటే కొత్త పులి కావచ్చు. లేదా ఎక్కడో దాపటి పక్క మాత్రమే ఫోటో పడిన పాత పులీ కావచ్చు.

ముగించే ముందు

తాడోబాకో, మన రాష్ట్రంలోని అమ్రాబాద్‌కో, కవ్వాల్‌కో పోయే మిత్రులకు నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. బండి ఎక్కగానే షట్టరు చూసుకోండి. పులి వచ్చాక చూసుకోలేరు. ఇంజను ఆపించండి, నిలబడకండి, లెన్సును దేనిమీదైనా ఆనించండి. ముఖం కోసం ఆత్రపడి పక్కను వదలకండి. పులి అటు తిరిగి ఇంకో పక్క చూపిస్తే అదీ తీయండి. ఏ రోజు, ఏ వేళ, ఏ వైపు అన్నది ఇంటికి రాగానే రాసి పెట్టుకోండి, తేదీ లేని ఫోటో సాక్ష్యానికి పనికిరాదు. పులి ఉన్న చోటును మాత్రం ఊరంతా చాటకండి, వినేవాళ్లలో వేటగాడూ ఉండొచ్చు.

ఇంటికి పోయినప్పుడు ఆ ఫోటో అవ్వకు చూపించాను. చాలాసేపు చూసింది. "మంచిగున్నది" అంది. ఎద్దును పోగొట్టుకున్న మనిషి ఆ మాట అంటుందని నేననుకోలేదు. తర్వాత అడిగింది, "మనెద్దును కొట్టింది ఇదేనా?"

"తెల్వదవ్వా. ఇంకో పక్క చూడాలె."

"ఇంకో పక్క సంగతి నువ్వు చూసుకో. పత్తి ఏరనీకి పోవాల్నా, వద్దా? అది చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. పదిమంది కలిసి పొమ్మన్నాను. పొద్దెక్కినాక పోయి పొద్దు వాలకముందే రమ్మన్నాను. మాట్లాడుకుంటూ ఏరమన్నాను. ఇది చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదని బాపు అన్నాడు, నిజమే. అయితే వాగు దగ్గర ఈసారి కెమెరాలు కట్టేటప్పుడు మా తమ్ముడు సిబ్బంది వెంట పోయి, రెండింటికీ కొత్త బ్యాటరీలు వేశారా లేదా అని దగ్గరుండి చూశాడు. ఎదురెదురుగా ఉన్నాయా అని కూడా చూశాడు. దాపల ఒకటి, వలపల ఒకటి.